61 మ్యాచ్‌లు, 4 గెలుపులు: ఫైటింగ్ గేమ్స్ ఈ వయసులో మొదలుపెట్టొచ్చా?

లేటుగా_వచ్చినోడు
నాకు 34. ఉండేది నిజాంపేట, ఆఫీసు గచ్చిబౌలి. మూడు వారాల కింద పీఎస్5లో స్ట్రీట్ ఫైటర్ 6 కొన్నా. చిన్నప్పుడు మా ఊళ్ళో బస్టాండు పక్కన వీడియో గేమ్ షాపులో పాత స్ట్రీట్ ఫైటర్‌లో కెన్ అనే క్యారెక్టర్‌తో ఆడేవాణ్ణి, ఆ ధైర్యంతోనే కొన్నా. ఇప్పటికి ఆన్‌లైన్‌లో 61 ఆడా, 4 గెలిచా. ఆ నాలుగింట్లో ఒకటి అవతలోడు మధ్యలో వెళ్ళిపోతే వచ్చింది.

యూట్యూబ్‌లో చూసి ఒక కాంబో (ఆగకుండా వరసగా తగిలే దెబ్బలు) నేర్చుకున్నా. ట్రైనింగ్ మోడ్‌లో పదికి ఎనిమిది సార్లు పడుతుంది. మ్యాచ్‌లో ఒక్కసారీ పడలేదు. మొదటి దెబ్బంటూ తగిలితే కదా మిగతా కాంబో. నిన్న మా బామ్మర్ది వచ్చాడు, ఇంటర్ సెకండియర్. ఈ గేమ్ ముట్టుకోవడమే మొదటిసారి. బటన్లు బాది నన్ను 5-2 కొట్టాడు. మా అత్తగారు సోఫాలో కూచుని మొత్తం చూశారు.

వయసైపోయిందా? టెక్కెన్ అని ఇంకో ఫైటింగ్ గేమ్ ఉంది కదా, దానికి మారాలా? షాపు మెషిన్లకి ఉండే కర్రలాంటి ఆర్కేడ్ స్టిక్ కొంటే ఏమన్నా మారుద్దా?

మల్కాజ్‌గిరి_మామ
స్టిక్ కొంటే ఇంకో 61 స్టిక్‌తోని ఓడిపోతవ్. గంతే తేడా.

ఉస్మానియా_బిస్కెట్
అత్తగారి ఎదురుగా 5-2. ఇంక ఆ ఇంట్లో ఏసీ ఎంత మీద పెట్టాలో కూడా బామ్మర్దే చెప్తాడు బాసూ.

ఫ్రేమ్_పిచ్చోడు
వయసు, స్టిక్ తర్వాత మాట్లాడదాం. ఒకటి చెప్పు: ఒక రౌండ్‌లో నువ్వు ఎన్నిసార్లు ఎగురుతావ్? ఊరికే అడగట్లేదు, రీప్లే పెట్టుకుని లెక్కపెట్టి చెప్పు.

లేటుగా_వచ్చినోడు
నిన్న రాత్రి ఓడిన మ్యాచ్ చూశా. మొదటి రౌండ్‌లోనే 14. అయినా ఎగరకుండా దగ్గరికెలా పోవాలండీ? కెన్ అంటేనే ఎగిరి తన్నడం కదా.

మల్కాజ్‌గిరి_మామ
14 సార్లా? కెన్నా, కోతా?

ఫ్రేమ్_పిచ్చోడు
రోగం దొరికింది. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదువు.

ఈ ఆట సెకనుకి 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడుస్తుంది. నువ్వు ఎగిరితే మళ్ళీ నేల మీద పడేసరికి దాదాపు ముప్పావు సెకను. ఆ టైములో బ్లాక్ చెయ్యలేవు, దారి మార్చుకోలేవు. మనిషి కంటితో చూసి వేలితో నొక్కడానికి పావు సెకను అనుకో, 15 ఫ్రేములు. అంటే నువ్వు గాల్లోకి లేచాక అవతలోడు చూసి, ‘ఓహో ఎగిరాడు’ అనుకుని, అప్పుడు అప్పర్‌కట్ కొట్టినా టైము మిగుల్తుంది. నువ్వు వాడికి ముందే ఉత్తరం రాసి పంపుతున్నావ్, ఫలానా చోట దిగుతా, సిద్ధంగా ఉండమని.

చిన్నప్పుడు షాపులో ఎందుకు చెల్లిందంటే, అక్కడ ఎవడికీ ఎగిరేవాణ్ణి దించడం రాదు. మీ బామ్మర్ది విషయంలోనూ జరిగింది ఇదే. వాడు కింద నించుని ఏదో బాదుతున్నాడు, నువ్వు పైనుంచి వెళ్ళి దాని మీద పడుతున్నావ్. వాడు నిన్ను కొట్టలేదు, నువ్వే తగిలించుకున్నావ్.

ఒక వారం కాంబో సంగతి మర్చిపో. నడువు. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి. నీ కాలు తగిలే దూరం ఎంతో, వాడి కాలు తగిలే దూరం ఎంతో కంటికి అలవాటు చేసుకో. ఎవడన్నా నీ మీదకి ఎగిరితే కింద కూచుని హెవీ పంచ్ కొట్టు. ప్రతిసారీ దిగదు, తొందరపడితే నువ్వే తింటావ్. అయినా సరే, గెలుపోటములు లెక్కపెట్టకు. ‘ఎన్నిసార్లు ఎగిరాడు, ఎన్నిసార్లు దించా’ అదొక్కటే కాగితం మీద రాసుకో.

ఉస్మానియా_బిస్కెట్
దీన్నే స్క్రీన్‌షాట్ తీసి మా మేనేజర్‌కి పంపుతున్నా, మీటింగుల్లో ఆయన కూడా ఊరికే ఎగురుతుంటాడు.

కూకట్‌పల్లి_కింగ్
అప్పర్‌కట్ సరిగ్గా నేర్చుకోమని చెప్పాలి గానీ ఈ హెవీ పంచ్ షార్ట్‌కట్లు ఎందుకు? ముందుకి, కిందకి, కింద మూలకి, పంచ్. అది చేతికి రానిదే ఫైటింగ్ గేమ్ ఆడుతున్నా అనొద్దు.

చున్‌లీ_తార్నాక
అది చేతికి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది, అదీ కుడివైపు చూస్తున్నప్పుడే. ఎడమవైపుకి మారితే వేళ్ళు దారం చుట్టుకుపోయినట్టు అయ్యేవి. మోడ్రన్ కంట్రోల్స్‌కి మారా. ఒక దిక్కు, ఒక బటన్, అప్పర్‌కట్ వచ్చేస్తుంది. లేటుగా గారూ, సెట్టింగ్స్‌లో ఉంటుంది, మార్చి చూడండి.

కూకట్‌పల్లి_కింగ్
మోడ్రన్ అంటే సైకిల్‌కి పక్క చక్రాలు అక్కా.

చున్‌లీ_తార్నాక
ఊరికే ఇవ్వట్లేదు తమ్ముడూ. ఒక్క బటన్‌తో కొట్టిన స్పెషల్‌కి దెబ్బ 80 శాతమే. మామూలు పంచ్‌లు, కిక్‌లు కూడా కొన్ని ఉండవు. ఆ ధర కట్టే ఆడుతున్నాం. నేను పక్క చక్రాలతోనే ర్యాంకుల్లో ప్లాటినం దాటి డైమండ్ దాకా వచ్చా. మీరెక్కడ?

కూకట్‌పల్లి_కింగ్
ప్లాటినం. కానీ క్లాసిక్ కంట్రోల్స్‌తో.

మల్కాజ్‌గిరి_మామ
😂 ‘కానీ’ ఒక్కటి జాగ్రత్తగ పెట్టుకో తమ్మీ, పనికొస్తది.

చున్‌లీ_తార్నాక
శనివారం రాత్రి పది మ్యాచ్‌లు. ఐడీ మెసేజ్ చేశా.

టోలిచౌకి_టెక్కెన్
అందరూ ఒక్క గేమ్ గురించే మాట్లాడుతున్నరు. అన్న అడిగింది టెక్కెన్‌కి మారాల్నా అని గదా. నేను టెక్కెన్ 3 నుంచి ఆడుతున్న. 1998ల ప్లేస్టేషన్‌ల వచ్చింది, మా గల్లీల గంటకింత అని ఇచ్చేటోళ్ళు. ఎడ్డీ అనే క్యారెక్టర్‌ని పెట్టి రెండు కిక్ బటన్లు బాదినోళ్ళే అందరు, నేను గూడ. గా ఎగిరే రోగం టెక్కెన్‌ల రాదు, ఇక్కడ పక్కకి జరుగుడు ముఖ్యం. టెక్కెన్ 8ల రీప్లే పెడితే ‘ఇక్కడ నువ్వు కొట్టాల్సింది’ అని గేమే చెప్తది, ఆడనే ఆపి నువ్వు కంట్రోల్ తీస్కొని కొట్టి చూస్కోవచ్చు. కొత్తోళ్ళకి గంతకన్న ఏం గావాలె?

ఫ్రేమ్_పిచ్చోడు
రీప్లే విషయం ఒప్పుకుంటా, చాలా బాగుంటుంది. ఇంకో పక్క కూడా చెప్పు భాయ్. వచ్చిన రోజే 32 మంది క్యారెక్టర్లు, ఒక్కొక్కడికి వంద దాకా మూవ్‌లు. ఏది కింద తగుల్తుంది, ఏది మధ్యలో తగుల్తుంది తెలియకపోతే మొదటి ఆరు నెలలు తన్నులు తినడమే. ఎందుకు తిన్నామో కూడా తెలీదు.

టోలిచౌకి_టెక్కెన్
గది నిజమే. తిన్నాం. కానీ గల్లీల కూసొని తిన్నాం, పక్కనోడు ‘అరె గిది కూసొని బ్లాక్ చెయ్’ అని చెప్పేటోడు. అర్స్లాన్ యాష్‌ని చూడు. లాహోర్ టెక్కెన్ పోరడు, 2019ల జపాన్ ఈవో (ఫైటింగ్ గేమ్‌ల పెద్ద టోర్నమెంట్) గెలిచిండు, గదే యాడాది లాస్ వేగస్ ఈవో గూడ. అంతకుముందు బయట వానిని పట్టించుకున్నోడు లేడు. ఊర్ల షాపుల్ల పక్కపక్కన కూసొని ఆడి ఆడి తయారైన్రు వాళ్ళు. ఒక్కడే రూముల కూసొని 61 ఓడిపోతే దిమాక్ ఖరాబ్ అయితది, ఏ గేమైనా.

సెకండ్‌హ్యాండ్_సూరి
మధ్యలో దూరుతున్నా, సారీ. నా దగ్గర పీఎస్5 లేదు, హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ ఒకటే. ఏమన్నా ఆడొచ్చా?

చున్‌లీ_తార్నాక
ఫైట్‌కేడ్ చూడు సూరీ. పాత ఆర్కేడ్ గేమ్స్ ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చు, నీ ల్యాప్‌టాప్‌కి భారం కాదు. బ్రాల్‌హల్లా ఉచితం, అది కొంచెం వేరే రకం. కీబోర్డు చాలు. ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళలో చాలామంది కర్ర లేని బటన్ల పెట్టె వాడుతున్నారు, అది కూడా ఒక రకంగా కీబోర్డే.

నల్లకుంట_నరహరి
48 ఏళ్ళవాణ్ణి, కుర్రాళ్ళ మధ్య ఒక మాట. రూపాయి బిళ్ళ వేసి ఆడిన రోజులు మావి. షాపులో నాలుగు పెట్టెలుండేవి, మూడింటి మీద ముస్తఫా. నాలుగో దాని మీద స్ట్రీట్ ఫైటర్ 2.

కూకట్‌పల్లి_కింగ్
ముస్తఫా ఫైటింగ్ గేమ్ కాదు సార్. దాని పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993. ముస్తఫా అనేది అందులో ఒక క్యారెక్టర్ పేరు.

నల్లకుంట_నరహరి
తెలుసు నాయనా. ఆ షాపు యజమానికి కూడా పేరు అదే అని చెప్పి చూడు, నిన్ను బయటికి పంపేవాడు.

నేను చెప్పొచ్చింది వేరు. మా షాపులో ఒక చట్టం ఉండేది: త్రో చెయ్యకూడదు. బ్లాక్ చేసుకుని కూచున్నవాణ్ణి పట్టుకుని విసిరితే అది చీటింగ్. ఒకసారి నేను జాంగీఫ్ అనే క్యారెక్టర్‌తో వరసగా రెండుసార్లు విసిరా, ఆడుతున్నవాడు చెప్పు తీశాడు. షాపతను ఇద్దర్నీ బయటికి తోశాడు, నా రూపాయి పోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత మా అబ్బాయి ఈ కొత్తది కొంటే ఆడటం మొదలుపెట్టా. మూడు నెలలు ఒక్క త్రో చెయ్యలేదు. చెయ్యకూడదు అని ఎక్కడో లోపల నాటుకుపోయింది. అందరూ నా ముందు హాయిగా బ్లాక్ చేసుకుని కూచునేవారు.

లేటుగా_వచ్చినోడు
సార్, మా ఊళ్ళోనూ ఇదే! త్రో చేస్తే ‘తొండి’ అని అరిచేవాళ్ళు. నేను ఇప్పటిదాకా ఈ గేమ్‌లో త్రో బటన్ ఏదో కూడా చూసుకోలేదు.

ఫ్రేమ్_పిచ్చోడు
క్లాసిక్‌లో లైట్ పంచ్, లైట్ కిక్ కలిపి నొక్కు. నిన్ను ఎవడన్నా పట్టుకుంటే విడిపించుకోవడానికి కూడా అదే.

నరహరి గారు పెద్ద విషయం ఎత్తారు. ఆట మొత్తం దీని మీదే నిలబడి ఉంది. కొడితే బ్లాక్ చేస్తాడు. బ్లాక్ చేసుకుని కూచుంటే పట్టుకుని విసురుతావ్. విసురుతావని భయపడి వాడు ముందే బటన్ నొక్కితే, నువ్వు ఒక అడుగు వెనక్కి వేసి, గాల్లో ఊగిన వాడి చెయ్యి మీద కొడతావ్. ఇందులో ఒకటి తీసేస్తే మిగతావి పనిచెయ్యవు. త్రో లేకపోతే బ్లాక్ చేసుకుని కూచున్నోడు రాజు. మీ షాపులో త్రో వద్దన్నారు కాబట్టే అందరూ ఎగరడం మొదలుపెట్టి ఉంటారు, బ్లాక్ చేసుకుని కూచున్నోణ్ణి కదపడానికి ఇంకో దారేదీ?

మల్కాజ్‌గిరి_మామ
మా బస్తీల త్రో చెయ్యొచ్చు గానీ మూలకి తోసి కొట్టొద్దు అనేటోళ్ళు. ఒక్కో గల్లీకి ఒక్కో రాజ్యాంగం.

చున్‌లీ_తార్నాక
ఇంకొకటి లేటుగా గారూ. కింద పడి లేస్తున్నప్పుడు ఏం చేస్తున్నారు? బటన్ నొక్కుతున్నారు కదా? కొత్తల్లో అందరం నొక్కుతాం. పడ్డామన్న కోపం. లేచే క్షణానికి సరిగ్గా వాడి దెబ్బ మీ మీద ఉంటుంది, మీరు నొక్కింది బయటికి రాకముందే మళ్ళీ పడతారు. ఊరికే కిందకి, వెనక్కి పట్టుకుని లేవండి. త్రో తింటే తిన్నారు, దానితో పోయేది తక్కువ.

ఉస్మానియా_బిస్కెట్
ఆ రంగులు పూసుకుని మీదకొచ్చే దెబ్బ సంగతి ఎవరూ చెప్పట్లేదేంటి? నేను గేమ్ వదిలేసిందే దానివల్ల.

ఫ్రేమ్_పిచ్చోడు
డ్రైవ్ ఇంపాక్ట్. నువ్వు కొట్టే రెండు దెబ్బలు మింగి మరీ వస్తుంది. కానీ బయటికి రావడానికి 26 ఫ్రేములు పడుతుంది, అంటే దాదాపు అర సెకను. చూసి, నువ్వూ అదే నొక్కు. తర్వాత నొక్కినోడిదే గెలుపు. ట్రైనింగ్‌లో డమ్మీకి రికార్డ్ చేసే సదుపాయం ఉంది. ఒకదాంట్లో డ్రైవ్ ఇంపాక్ట్, ఒకదాంట్లో ఎగరడం, ఒకదాంట్లో ఊరికే నడవడం రికార్డ్ చేసి ఏది వస్తుందో తెలీకుండా తిప్పి ఆడించు. రోజూ పది నిమిషాలు. ఆ కాంబోకి పెట్టిన టైములో సగం చాలు.

కాంబో అన్నదే పొరపాటున పుట్టిందని తెలుసా? 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 చేస్తున్నప్పుడు ఒక దెబ్బ వెంట ఇంకోటి అతుక్కుంటోందని గమనించారట. అది వాళ్ళు కావాలని పెట్టింది కాదు, సర్లే అని ఉంచేశారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతివాడూ ముందు దాని మీదే పడతాడు.

టోలిచౌకి_టెక్కెన్
స్ట్రీట్ ఫైటర్ 2ల మన దేశం పేరు చెప్పి ధల్సిం ఉన్నడు, నోట్లకెళ్ళి నిప్పు, చేతులు సాగుతయ్, ఎనక ఏనుగులు. 32 ఏండ్ల తర్వాత 6ల గూడ వాడే వచ్చిండు. ఒక్క మనిషిని మార్చరా భాయ్?

మల్కాజ్‌గిరి_మామ
మెట్రోల అమీర్‌పేట దాక నిలబడి పోతే ఎవనికైనా చేతులు సాగుతయ్.

నల్లకుంట_నరహరి
వయసు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తా. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, 2023. స్ట్రీట్ ఫైటర్ 5కి పతకాలు పెట్టారు. స్వర్ణం కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూది, ఫైనల్ 4-3. అప్పటికి ఆయనకి 44. మన తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. 34 అని ఏడుస్తున్నావు, నా మోకాలు చూపించనా?

ఉస్మానియా_బిస్కెట్
మోకాలితో ఆడతారా సార్ మీరు?

కూకట్‌పల్లి_కింగ్
శనివారం అయిపోయింది. 6-4 ఓడిపోయా. నెట్ బాలేదు.

చున్‌లీ_తార్నాక
7-3. నెట్ నిజంగానే బాలేదు, మ్యాచ్ ముందు మీ పేరు పక్కన వైఫై బొమ్మ నాకు కనిపించింది. నాది కేబుల్.

కూకట్‌పల్లి_కింగ్
నాది 200 ఎంబీపీఎస్ అక్కా!

ఫ్రేమ్_పిచ్చోడు
ఎంబీపీఎస్ కాదు సమస్య. ఆటకి కావాల్సిన డేటా చాలా తక్కువ. ఒక్కో ఫ్రేము 16 మిల్లీసెకన్ల చిల్లర. నీ ప్యాకెట్ ఒకసారి 20లో, ఒకసారి 90లో వస్తే, రోల్‌బ్యాక్ అని గేమ్‌లో ఉండే పద్ధతి అవతలోడు ఏం నొక్కుంటాడో ఊహించుకుని నడిపిస్తుంది, తప్పైతే వెనక్కి లాగి సరిచేస్తుంది. అందుకే నీకు మనుషులు ఉన్నట్టుండి పక్కకి దూకినట్టు కనిపిస్తారు. అపార్ట్‌మెంట్లో ఇరవై రౌటర్లు ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి. కేబుల్ వేసుకోండి. కొంతమంది వైఫై బొమ్మ చూడగానే మ్యాచ్ వద్దనేస్తారు.

లేటుగా, నీది ఏంటి?

లేటుగా_వచ్చినోడు
వైఫై. రౌటర్ హాల్లో, పీఎస్5 బెడ్‌రూమ్‌లో. బామ్మర్ది వచ్చినప్పుడే హాల్లోకి తెస్తా.

మల్కాజ్‌గిరి_మామ
సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పో. క్యాట్6 కేబుల్ మీటర్ల లెక్కన కోసిస్తరు, కొసలు గూడ ఆడనే కొట్టిస్తరు. ఇంట్ల ముందు తాడుతోని కొలుచుకొని పో, నా లెక్క అందాజ మీద పోయి రెండు మీటర్లు తక్కువ తెచ్చుకోకు.

లేటుగా_వచ్చినోడు
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా.

ఎగరడం రౌండుకి 14 నుంచి 4కి వచ్చింది. కాగితం పెట్టుకున్నా నిజంగానే. మొదటి రోజు నా మీదకి 31 సార్లు ఎగిరారు, 5 దించా. నిన్న 28కి 13. ఆన్‌లైన్‌లో ఈ పన్నెండు రోజుల్లో 40 ఆడితే 11 గెలిచా. ఇంకా కింది ర్యాంకు ఐరన్‌లోనే ఉన్నా. మోడ్రన్ రెండు రోజులు ఆడి మళ్ళీ క్లాసిక్‌కి వచ్చేశా. చున్‌లీ గారూ, తప్పుగా అనుకోకండి, చిన్నప్పటి చేతి అలవాటు. మొదటి త్రో చేసినప్పుడు మాత్రం ఎవరన్నా వెనక నుంచి కొడతారేమోనని తల తిప్పి చూశా.

మొన్న ఆదివారం బామ్మర్ది మళ్ళీ వచ్చాడు. వాడు ఎగిరిన ప్రతిసారీ కింద కూచుని హెవీ పంచ్. బ్లాక్ చేసుకుంటే త్రో. ‘బావా ఇది తొండి’ అన్నాడు. ఎవరూ నేర్పకుండానే అదే మాట. 7-1.

ఉస్మానియా_బిస్కెట్
అత్తగారు?

లేటుగా_వచ్చినోడు
సత్సంగానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. వాడు చెప్పలేదు, నేను చెప్పుకుంటే బాగుండదు.

మల్కాజ్‌గిరి_మామ
అరెరె.

టోలిచౌకి_టెక్కెన్
వచ్చే ఆదివారం నా రూముల కూసుందాం అన్న. రెండు కన్సోళ్ళు, ఒకటి టెక్కెన్‌ది. నలుగురు వస్తే చాలు. చాయ్ నాది. కింగ్ తమ్మీ, నువ్వు గూడ రా, పక్కన కూసుంటే వైఫై బొమ్మ కనిపించదు.

కూకట్‌పల్లి_కింగ్
వస్తా. చున్‌లీ అక్క వస్తేనే.

చున్‌లీ_తార్నాక
పక్క చక్రాలు వేసుకునే వస్తా.

లేటుగా_వచ్చినోడు
వస్తా భాయ్. ఈలోపు ఒక సమస్య. కేబుల్ తెచ్చా, 18 మీటర్లు. బెడ్‌రూమ్ తలుపు కింద సందు చాలట్లేదు, తలుపు మూసుకోవట్లేదు. గోడకి రంధ్రం పెడతానంటే ఓనరు ఒప్పుకోడు.

ఫ్రేమ్_పిచ్చోడు
ఫ్లాట్ కేబుల్ అని ఉంటుంది, రిబ్బన్‌లాగా. అది అడుగు. కార్పెట్ కింద కూడా పోతుంది.

లేటుగా_వచ్చినోడు
రేపే వెళ్తా. అప్పటిదాకా ఇది హాలు మధ్యలోంచి పోతోంది. ఈ నీలం తాడు దేనికని అత్తగారు పొద్దున్నుంచి రెండుసార్లు అడిగారు.

మల్కాజ్‌గిరి_మామ
ఆఫీస్ పని అని చెప్పు.

లేటుగా_వచ్చినోడు
రెండో కొస పీఎస్5లో గుచ్చి ఉంది మామా.